డీజిల్ ట్రాలీ ఆటో అమ్మేసి బ్యాటరీ బండి కొనవచ్చా? చేవెళ్ల పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఒక పల్లె. ఏడేళ్ల కిందట కొన్న డీజిల్ ట్రాలీ ఆటోలో మా పొలం కూరగాయలతో పాటు ఇరుగుపొరుగు రైతుల సరుకు కూడా వేసుకొని తెల్లవారకముందే మెహదీపట్నం రైతుబజారుకు వెళ్తాను. రానూపోనూ 80 కిలోమీటర్లు. వారంలో ఒకటి రెండు రోజులు బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్తే వంద దాటుతుంది. అర టన్ను దాకా బరువు ఉంటుంది, లీటరుకు 25 కిలోమీటర్లు వస్తోంది. నెలకు ఎనిమిది వేలకు పైగా డీజిల్‌కే పోతోంది. ఈ ధరలు ఎప్పటికైనా తగ్గుతాయా? మా అబ్బాయి బ్యాటరీ ఆటో కొనమంటున్నాడు, మా బావమరిది సీఎన్‌జీ మంచిదంటున్నాడు. నీళ్లతో సగం డీజిల్ ఆదా చేసే కిట్టు అని ఒకాయన 15 వేలు అడుగుతున్నాడు, వచ్చే వారం బిగిస్తానంటున్నాడు. దగ్గర్లో ఒకచోట తక్కువ ధరకు బయోడీజిల్ కూడా అమ్ముతున్నారు. ఇథనాల్, హైడ్రోజన్ వస్తున్నాయని వార్తల్లో చూస్తున్నాను. అవి వచ్చేదాకా ఆగడం మంచిదా? మా అబ్బాయి మోటార్ సైకిల్ మైలేజీ తగ్గడానికి ఇథనాలే కారణమా?

సమాధానం: మీ ప్రశ్నల్లో రెండింటికి వెంటనే జవాబు చెప్పాలి, ఎందుకంటే వచ్చే వారం మీ చేతిలోంచి డబ్బు పోయే ప్రమాదం ఉంది. నీళ్లతో నడిచే కిట్టుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ కిట్టు చేసే పని నీటిని విద్యుత్తుతో విడగొట్టి, వచ్చిన వాయువును ఇంజన్‌లోకి పంపడం. ఆ విద్యుత్తు మీ బండి బ్యాటరీ నుంచి వస్తుంది, ఆ బ్యాటరీని నింపేది ఇంజన్‌కు అనుసంధానమైన ఆల్టర్నేటర్, ఆ ఇంజన్‌ను తిప్పేది మీరు పోసిన డీజిలే. నీటిని విడగొట్టడానికి పట్టే శక్తి, ఆ వాయువును మండిస్తే తిరిగి వచ్చే శక్తి కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటుతో డీజిల్ ఖర్చు పెరగడమే తప్ప తగ్గే అవకాశం లేదు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానని దేశమంతటినీ నమ్మించాడు, ఆ వ్యవహారంపై సీబీఐ కేసు నడిచి 2016లో చెన్నై కోర్టు ఆయనకు శిక్ష విధించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే ఆశను కొత్త పేర్లతో మన పల్లెల్లో అమ్ముతున్నారంటే, ఇంధన ధర మన బతుకులను ఎంతగా పిండుతోందో అర్థమవుతుంది. ఈ మోసానికి ముందుగా దొరికిపోయేది డీజిల్ ఖర్చును రోజూ లెక్కపెట్టుకునే మీలాంటి వారే కావడం నన్ను నిజంగా బాధిస్తోంది.

తక్కువ ధర బయోడీజిల్ విషయంలోనూ అంతే గట్టిగా వద్దని చెబుతున్నాను. అసలు బయోడీజిల్ మంచి ఇంధనమే. వాడిన వంటనూనెను గానీ, కానుగ వంటి గింజల నూనెను గానీ మిథనాల్‌తో రసాయనికంగా మార్చి, గ్లిజరిన్‌ను వేరుచేసి, నీటిని పూర్తిగా తొలగించి దాన్ని తయారు చేస్తారు. దాన్ని చిల్లరగా అమ్మాలంటే 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అనుమతి ఉండాలి, నాణ్యత ధ్రువీకరణ ఉండాలి. రోడ్డు పక్క ట్యాంకులు పెట్టి ఆ పేరుతో అమ్ముతున్న సరుకు చాలాచోట్ల పరిశ్రమల్లో వాడే నూనెల కలగాపులగమని తనిఖీల్లో బయటపడుతూనే ఉంది. డీజిల్ ఇంజన్‌లో పంపు, ఇంజెక్టర్లు అతి సన్నని కొలతలతో పనిచేస్తాయి, వాటికి కావలసిన జిడ్డును కూడా డీజిలే అందిస్తుంది. లీటరుకు పది, పదిహేను రూపాయలు మిగిలిందనుకున్నది ఒక్కసారి పంపు పాడైతే మొత్తం పోతుంది. మీరు ఆ ఇంధనం పోయదలిస్తే అనుమతి పత్రం, పరీక్ష నివేదిక చూపమని అడగండి. చూపలేకపోతే అక్కడ బండి ఆపకండి.

ఇక ధరలు తగ్గుతాయా అన్న ప్రశ్న. గట్టిగా తగ్గుతాయని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. కృష్ణా గోదావరి ప్రాంతంలో చమురు, గ్యాసు ఉన్నాయి, కోనసీమలోని తాటిపాకలో చిన్న శుద్ధి కర్మాగారం కూడా ఉంది, అయినా దేశ అవసరం ముందు ఆ ఉత్పత్తి చాలా స్వల్పం. దిగుమతి చేసుకున్న ప్రతి పీపాకు డాలర్లలో చెల్లిస్తాం. 2008 జూలైలో ముడిచమురు పీపా 147 డాలర్లు తాకినప్పుడు డాలరు విలువ 43 రూపాయల దరిదాపుల్లో ఉండేది, 2025 నాటికి అది 85 రూపాయలు దాటింది. అంటే పీపా ధర సగానికి పడిపోయినా రూపాయల్లో మనం చెల్లించేది దాదాపు అంతే ఉంటుంది.

దానికి తోడు పన్నులు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ప్రపంచంలో చమురు అడిగేవాడు లేక ధర కుప్పకూలినప్పుడు బంకుల్లో మనకు ఆ లాభం అందలేదు. ఆ ఏడాది మార్చిలో, మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెంచి పెట్రోలుపై లీటరుకు రూ.32.98కి, డీజిల్‌పై రూ.31.83కి చేర్చింది. 2021 నవంబరులో, 2022 మేలో రెండు విడతలుగా తగ్గించాక డీజిల్‌పై సుంకం రూ.15.80కి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు చవకైనప్పుడు సుంకం మళ్లీ రెండు రూపాయలు పెరిగింది, బంకు ధర మాత్రం మారలేదు. దీనిపై రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో అది పెట్రోలుపై 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం. శాతాల్లో ఉన్న పన్ను కాబట్టి మూలధర పెరిగినప్పుడల్లా రాష్ట్రానికి వచ్చేదీ తనంతట తానే పెరుగుతుంది. పెట్రోలు, డీజిల్‌లను జీఎస్‌టీలోకి తేవాలన్న మాట 2017 నుంచి వినబడుతున్నా, కేంద్రానికీ రాష్ట్రాలకూ ఇంత నమ్మకమైన ఆదాయం మరొకటి లేనందువల్ల ఎవరూ ముందడుగు వేయడం లేదు. చమురు చవకైన రోజుల్లో ప్రభుత్వాలు సుంకం పెంచుకుంటాయి, ప్రియమైన రోజుల్లో భారం మనపై పడుతుంది. దీన్ని నేను అన్యాయమనే అంటాను, ఎందుకంటే ఖరీదైన కారులో తిరిగేవాడికీ కూరగాయలు మోసే బండికీ ఒకే తీరుగా తగిలే పన్ను ఇది, పైగా ఆ బండి కిరాయి చివరికి కూరగాయ కొనే ఇల్లాలి సంచిలోనే తేలుతుంది.

అందువల్ల డీజిల్ ఈ ధరలోనే ఉంటుంది, లేదా పెరుగుతుంది అనుకొని లెక్క వేద్దాం. లీటరు రూ.96 చొప్పున చూస్తే 80 కిలోమీటర్లకు మీకు 3.2 లీటర్లు, అంటే రోజుకు సుమారు రూ.307. నెలకు 26 రోజులైతే ఎనిమిది వేలు. మీరు రాసింది సరిగ్గా సరిపోతోంది. మీ బంకులో ధర మారితే ఆ అంకె పెట్టి మళ్లీ లెక్కించుకోండి.

అదే బరువుతో బ్యాటరీ ట్రాలీ వంద కిలోమీటర్లకు దాదాపు 10 యూనిట్లు తీసుకుంటుంది. డీజిల్ ఇంజన్ ఇంధనంలోని శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది, విద్యుత్ మోటారు తనకు అందినదాంట్లో 85 శాతానికి పైగా చక్రానికి చేరుస్తుంది కాబట్టే ఇంత తక్కువతో సరిపోతుంది. 80 కిలోమీటర్లకు 8 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కలిపితే 9 యూనిట్లకు కొంచెం పైన. నెలకు 240 యూనిట్లు. ఇది మీ ఇంటి వాడకంతో కలిస్తే స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది కనుక జాగ్రత్త కోసం యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా నెలకు రూ.2,160 అవుతుంది. వాహనాల ఛార్జింగ్‌కు ప్రత్యేక కేటగిరీ మీటరు ఉంది, దాని కోసం మీ విద్యుత్ కార్యాలయంలో అడిగితే ఇంకా తగ్గవచ్చు. మొత్తం మీద ఇంధనం మీద నెలకు 5,800 రూపాయలు మిగులుతాయి. ఆయిల్ మార్పు, క్లచ్, ఫిల్టర్ల ఖర్చు ఉండదు.

ఇంతవరకు మీ అబ్బాయి మాటే నిజం. అయితే బండి ఊరికే రాదు. అర టన్ను మోసే బ్యాటరీ ట్రాలీ మూడున్నర లక్షల నుంచి నాలుగు లక్షల దాకా ఉంటుంది. పాత ఆటో అమ్మిన డబ్బు ముందు కట్టి మూడు లక్షలు అప్పు చేశారనుకుందాం. 14 శాతం వడ్డీతో నాలుగేళ్లకైతే నెల వాయిదా దాదాపు రూ.8,200. మిగిలే 5,800తో ఆ వాయిదా తీరదు, నెలకు 2,400 రూపాయలు మీ సంపాదన నుంచి వేయాలి. నాలుగేళ్ల తర్వాత లాభం మొదలవుతుంది, కానీ అప్పటికి బ్యాటరీ సామర్థ్యం కొంత తగ్గి ఉంటుంది. కాబట్టి మీ ప్రస్తుత ఆటో ఇంజన్ గట్టిగా ఉండి ఇంకా రెండు మూడేళ్లు పనిచేస్తుందని మీ మెకానిక్ చెబితే, అప్పు చేసి ఇప్పుడే మార్చవద్దని నా సలహా. అలా కాక ఇంజన్ బోరు చేయించాల్సిన దశకు వచ్చి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు ఎలాగూ కొత్త బండి కొనాలి, కాబట్టి కొత్త డీజిల్ బండికీ బ్యాటరీ బండికీ మధ్య ఉన్న ధర తేడాను మాత్రమే చూడాలి. ఆ తేడా లక్ష రూపాయలున్నా నెలకు 5,800 చొప్పున ఏడాదిన్నరలో తిరిగి వచ్చేస్తుంది. అటువంటి స్థితిలో నేను బ్యాటరీ బండి వైపే మొగ్గుతాను.

మీ విషయంలో అసలు చిక్కు దూరం. షోరూంలో 120 కిలోమీటర్లు వస్తుందని చెప్పే బండి, అర టన్ను బరువుతో మన ఎండలో 80 నుంచి 90 మధ్య ఇస్తుంది. మూడేళ్ల తర్వాత ఇంకా తగ్గుతుంది. మెహదీపట్నం ప్రయాణం అంచుమీద నడుస్తుంది, బోయిన్‌పల్లి ప్రయాణం మధ్యలో ఛార్జింగ్ లేకుండా సాధ్యం కాదు. సరుకు అమ్మే రెండు మూడు గంటలు బండి ఒకచోటే ఉంటుంది కాబట్టి మార్కెట్‌లోనో పక్కనో 15 ఆంపియర్ల సాకెట్ దొరికితే ఈ చిక్కు విడిపోతుంది. అక్కడి వారితో ముందే మాట్లాడి, డబ్బు ఎంతో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తారు కాబట్టి బ్యాటరీ కొంత ఆదా అవుతుంది, అయినా దాని మీదే ఆధారపడకండి. షోరూం వారిని డెమో బండి అడిగి, మీ సరుకే నింపి, మీ దారిలోనే, మీరు వెళ్లే వేళకే ఒకసారి నడిపి చూడండి. వారు ఇవ్వబోమంటే ఆ బండి మీ పనికి కాదని అనుకోవచ్చు.

మీకు అనుకూలించే సంగతి కూడా ఒకటుంది. తెల్లవారకముందు బయలుదేరి పొద్దెక్కేసరికి ఇల్లు చేరే పని మీది, అంటే బండి ఛార్జింగ్‌లో ఉండేది మంచి ఎండవేళ. ఇంటిపై 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టుకుంటే రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తాయి. పీఎం సూర్యఘర్ పథకం కింద ఆ పరిమాణానికి రూ.78,000 రాయితీ ఉంది. బండికి, ఇంటికి కలిపి చూస్తే ఇది నిజంగా కలిసొచ్చే ఏర్పాటు, పైగా మనం ఛార్జింగ్‌కు వాడే కరెంటులో అధిక భాగం నేటికీ బొగ్గు నుంచే వస్తోంది కనుక పొగ తగ్గే మేలు కూడా అప్పుడే పూర్తిగా దక్కుతుంది. అయితే బండి అప్పు, పలకల అప్పు ఒకే ఏడాదిలో నెత్తిన వేసుకోకండి. బండి కొన్నాక ఒక ఏడాది నడిపి, వాడకం తెలిశాక పలకల సంగతి చూడండి.

సీఎన్‌జీ గురించి మీ బావమరిది చెప్పింది కొన్నేళ్ల కిందట సరైన మాటే. ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల సీఎన్‌జీ కిలో ధర డీజిల్ లీటరు ధరకు దగ్గరగా వచ్చేసింది. కిలోకు 30 కిలోమీటర్లు వచ్చినా రోజుకు మిగిలేది యాభై రూపాయలే. మన దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతిదే, స్వదేశీ చవక గ్యాసులో నగర పంపిణీ సంస్థల వాటాను 2024 చివర్లో తగ్గించారు, కాబట్టి దాని ధర కూడా మన చేతిలో లేదు. మీ డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు, అందువల్ల కిట్టు బిగించి తేలికగా మార్చే వీలు లేదు, కొత్త బండే కొనాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష కూడా చేయించాలి. రోజూ 150 కిలోమీటర్లు తిరిగేవారికి, దారిలో బంకు ఉన్నవారికి సీఎన్‌జీ ఇప్పటికీ పనికొస్తుంది. మీ పనికి దానివల్ల పెద్దగా మార్పు రాదు.

ఇథనాల్ కోసం ఆగే అవసరం మీకు లేదు, అది పెట్రోలులో కలిపేది. డీజిల్‌లో అది సరిగ్గా కలవదు. మీ అబ్బాయి మోటార్ సైకిల్ సంగతి వేరు. 2022 జూన్‌లో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం దేశమంతటా పూర్తయింది, 2025కల్లా 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఆ మిశ్రమానికి తగినట్లు తయారుకాని ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. లీటరుకు 50 వచ్చే బండికి రెండు కిలోమీటర్లు తగ్గితే అది ఇథనాల్ వల్ల కావచ్చు. పది తగ్గితే మాత్రం కారణం బండిలోనే ఉంది, సర్వీసింగ్‌కు ఇవ్వండి. బండి 2023కు ముందుదైతే రబ్బరు గొట్టాలు, వాషర్లు చూపించుకోండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో బండిని వారాల తరబడి సగం ట్యాంకుతో నిలపకండి.

దిగుమతి తగ్గడానికి ఇథనాల్ కొంత సాయపడిందనడంలో సందేహం లేదు, మొక్కజొన్న రైతుకు గిరాకీ కూడా పెరిగింది. అయితే అదే మొక్కజొన్న కోళ్లకు దాణా, అందుకే 2024లో దాన్ని దిగుమతి చేసుకునే స్థితి వచ్చింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో ప్రజలు రోడ్డెక్కితే ప్రభుత్వం పనులు ఆపించింది. నీటి గురించి, కాలుష్యం గురించి ఊళ్లు అడిగే ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పి తీరాలి. తినే ధాన్యం కంటే గడ్డి, వరికొయ్యలు, మార్కెట్ వ్యర్థాలు ఇంధనంగా మారడమే మనకు సరైన దారి అని నా అభిప్రాయం. మీరు వెళ్లే బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే అమ్ముడుపోని కూరగాయలు రోజుకు పది టన్నుల దాకా బయోగ్యాసుగా మారి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు ఇస్తున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ఆ ప్లాంటును చూసి రండి.

కానుగ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది మన నేల మీదే నడిచిన ప్రయోగం. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ గింజల నూనె తీసి డీజిల్‌కు బదులుగా వాడే పనికి పూనుకున్నారు. 2003లో ఆ నూనె వల్ల తగ్గే కర్బన కాలుష్యానికి ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. లీటరు నూనెకు మూడు నాలుగు కిలోల గింజలు కావాలి, చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అది ఊరి జనరేటర్‌కు, మోటారుకు సరిపోతుంది కానీ రోజూ నడిచే వేల బండ్లకు సరిపోదు. అదే కాలంలో అడవి ఆముదం పేరుతో దేశమంతటా మొదలుపెట్టిన సాగు కూడా అనుకున్న దిగుబడి ఇవ్వక నిలిచిపోయింది. గట్ల మీద నాలుగు కానుగ చెట్లు పెంచుకోవడం మంచిదే, ఇంధనం కోసం పొలం మార్చవద్దు.

హైడ్రోజన్ కోసం ఎదురుచూడకండి. 2023 జనవరిలో కేంద్రం రూ.19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ మిషన్ ప్రకటించింది, 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో పెద్ద కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అది ముందుగా ఎరువులకు, ఉక్కుకు, శుద్ధి కర్మాగారాలకు వెళ్లే సరుకు. కిలో హైడ్రోజన్ తయారీకి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అదే కరెంటుతో మీ బ్యాటరీ ట్రాలీ నేరుగా 400 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. ట్రాలీ ఆటోలో హైడ్రోజన్ మీ బండి జీవితకాలంలో వస్తుందని నేను అనుకోవడం లేదు.

బండి మార్చినా మార్చకపోయినా ఈ నెల నుంచే ఖర్చు తగ్గించే మార్గం ఒకటి మీ చేతిలో ఉంది. మీ ఉత్తరంలో తిరుగు సరుకు ప్రస్తావన లేదు. అంటే రోజూ 40 కిలోమీటర్లు ఖాళీ బండికి డీజిల్ పోస్తున్నారు. మీ ఊరి కిరాణా దుకాణాలకు, దాణా, ఎరువుల దుకాణాలకు నగరం నుంచి సరుకు వస్తూనే ఉంటుంది. వారిలో ఇద్దరితో వారానికి మూడు రోజుల కిరాయి కుదుర్చుకుంటే, రోజుకు 200 రూపాయల చొప్పున వచ్చినా నెలకు 2,400 పైమాట. ఇంకా, సగం లోడుతో వెళ్లే రోజుల్లో ఇరుగుపొరుగు ట్రాలీల వారితో వంతులు పెట్టుకోండి. టైర్లలో గాలి వారానికోసారి చూపించండి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించండి, ఇంజెక్టర్ నాజిల్ ఒకసారి పరీక్ష చేయించండి. ఏడేళ్ల బండికి నాజిల్ అరిగితే లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు తేలికగా పోతాయి.

బ్యాటరీ బండి కొనే రోజు వస్తే కొన్ని సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాటరీ హామీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారు అన్నది బిల్లుతో పాటు ఉండాలి. కొత్త బ్యాటరీ ఈ రోజు ఎంత ధరో కూడా రాయించుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ మన వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, ఏఐఎస్ 156 భద్రతా ప్రమాణానికి లోబడి ఉందో లేదో అడగండి. చేవెళ్లలోనో శంకర్‌పల్లిలోనో సర్వీసు చేసే మనిషి లేని కంపెనీ బండి ఎంత చవకైనా తీసుకోవద్దు. బ్యాటరీ రవాణా వాహనాలకు 2018 నుంచి పర్మిట్ అవసరం లేదు. తెలంగాణలో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించారు, సరుకు రవాణా త్రిచక్ర వాహనాలకూ అది వర్తిస్తుంది. కేంద్ర రాయితీల గడువులు తరచూ మారుతుంటాయి, కాబట్టి కొటేషన్‌లో రాయితీ పోను ధర ఎంతో, రాయితీ రాకపోతే ఆ తేడా ఎవరు భరిస్తారో స్పష్టంగా రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.